అన్నీ నార్మలే

"నిన్న మధ్యాహ్నం పడుకున్నావట కదా," అన్నాడు భర్త, చొక్కా చేతుల గుండీలు పెట్టుకుంటూ.

నిలదీసినట్టు అనలేదు. బయట మబ్బు పట్టినట్టుందే అన్నంత మామూలుగా అన్నాడు. ఆమె అతని క్యారియర్‌లో కూర సర్దుతోంది. కాసేపు నడుం వాల్చాను, అంది. మంచిదే, ఒంట్లో బాగాలేనప్పుడు పడుకోవాలి మరి, అని అతను క్యారియర్ అందుకుని, బూట్లు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. గొడవ లేదు, గొంతు పెంచడం లేదు. ఆమె మాత్రం ఆ "పడుకున్నావట" దగ్గరే నిలబడిపోయింది. పడుకున్నావు అనలేదు, పడుకున్నావట అన్నాడు. చివర తగిలించిన ఆ ఒక్క అక్షరం ముల్లులా దిగింది. అంటే ఎవరో చెప్పారు. నిన్న ల్యాబ్‌లో పని తొందరగా ముగిసి ఆమె ఎండ తగ్గకముందే ఇల్లు చేరింది. భుజాలు రెండూ ఎవరో వెనక నుంచి పట్టి పిండుతున్నట్టుంటే చేతిసంచీ కూడా కింద పెట్టకుండా మంచం మీద ఒరిగింది. ఆ సమయానికి అతను ఊరికి అవతలి వైపు ఎక్కడో ఉండి ఉంటాడు. ఇంట్లో ఉన్నది అత్తగారు, స్కూలు నుంచి వచ్చిన కూతురు చిట్టి. పదమూడేళ్ళ చిట్టి భోజనాల బల్ల దగ్గర పుస్తకాలు పరుచుకుని కూర్చుంటే ఇల్లు కూలినా తల ఎత్తదు. ఇక మిగిలింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఇదే మొదటిసారి అయితే మర్చిపోయేదేమో. పోయిన వారం, తడిబట్టల బకెట్ నువ్వే మేడ మీదకి మోశావట, భుజం నెమ్మదించిందా, అన్నాడు. అంతకు ముందు, ఫోన్‌లో ఎవరితోనో తెగ నవ్వావట, అన్నాడు. ప్రతిసారీ ప్రేమగానే అన్నాడు. ప్రతిసారీ చివర ఆ "ట" ఉంది.

నొప్పి రెండేళ్ళ కిందట మెడ దగ్గర మొదలైంది. తలగడ కుదరలేదనుకుని తలగడ మార్చింది. అది మెడ నుంచి భుజాలకి, భుజాల నుంచి నడుముకి, తొడలకి, అద్దెకి ఒక గది తీసుకున్నవాళ్ళు నెమ్మదిగా ఇల్లంతా ఆక్రమించుకున్నట్టు ఒళ్ళంతా పాకింది. పొద్దున లేస్తే ఉతికి, పిండి, ఆరెయ్యడం మర్చిపోయిన బట్టలా ఉండేది ఒళ్ళు. నిద్ర పట్టేది కానీ ఆ నిద్ర ఒంటికి అంటేది కాదు. జడ వేసుకోబోతే చేతులు తల దాకా లేచి సగంలోనే జారిపోయేవి. లోపలి బట్టల కుట్టు కూడా గాయం మీద తాడులా ఒరుసుకునేది. ఫ్రిజ్ తలుపు తీసి, ఎందుకు తీసిందో గుర్తు రాక, ఆ చల్లటి వెలుతురులో తెల్లమొహం వేసుకుని నిలబడేది. పోనీ రోజూ అలాగే ఉండేదా అంటే అదీ లేదు. ఉన్నట్టుండి ఒక రోజు దానంతట అదే తగ్గేది. ఆ తగ్గిన రోజులే ఆమె కొంప ముంచాయి. ఒళ్ళు కాస్త తేలికపడగానే పేరుకుపోయిన దుప్పట్లన్నీ ఉతికి, కిటికీలు తుడిచి, స్టవ్వు కింద కూడా కడిగేసేది. చూసేవాళ్ళకి ఆ ఒక్క రోజే గుర్తుండేది. ఆ తర్వాత మంచం దిగలేకపోయిన రోజులు గుర్తుండేవి కావు.

భర్తది బీమా కంపెనీలో ఉద్యోగం. గుద్దుకున్న కార్లు, తడిసిపోయిన సరుకు, కాలిపోయిన దుకాణాలు వెళ్ళి చూసి, వాళ్ళు చెప్పే నష్టం నిజమో కాదో తేల్చి రావాలి. ఆ పనిలో అతనికి మంచి పేరు. పాత సొట్టకి కొత్త కథ అల్లేవాళ్ళని ఇట్టే పట్టేస్తాడని తోటివాళ్ళు చెప్పుకుంటారు. పెళ్ళయిన కొత్తలో ఆ కథలు చెప్తుంటే ఆమె పొట్ట పట్టుకుని నవ్వేది. ఈ రెండేళ్ళలో ఎప్పుడు జరిగిందో తెలియదు కానీ, తను కూడా అతని ముందు తెచ్చి నిలబెట్టిన కారైపోయింది. నొప్పి అంటే, ఎక్కడ, అంటాడు. ఇక్కడ అని చూపిస్తే, నిన్న అటువైపు అన్నావే, అంటాడు. అతను చెడ్డవాడని ఆమె ఎన్నడూ అనుకోలేదు. వేడి నీళ్ళ సంచీ కొని తెచ్చాడు, మూడు రకాల పూత మందులు తెచ్చాడు. కానీ మందు రాస్తున్నప్పుడు కూడా అతని కళ్ళు ఆమె మొహం మీదే ఉండేవి, ఏ నొక్కుకి మొహం ముడుచుకుంటోందో చూస్తున్నట్టు.

ఆ ఇంట్లో నొప్పులు రెండు. ఒకటి అత్తగారి మోకాలిది. దానికి ఎక్స్‌రే ఉంది, ఆపరేషన్ ఉంది, కుట్ల మచ్చ ఉంది, చూడ్డానికి వచ్చిన చుట్టాలున్నారు. అత్తగారు వచ్చినవాళ్ళకల్లా ఆ ఫిల్మ్ తీయించి కిటికీ వెలుతురుకి ఎత్తి చూపించేది, మనవడి ఫొటో చూపించినంత మురిపెంగా. రెండోది కోడలిది. దానికి చూపించడానికేమీ లేదు. అందుకని మొదటి నొప్పికి సేవ చేసే పని రెండో నొప్పి మీద పడింది. పొద్దున ఆవిడని చంకల కింద చేతులు వేసి లేపి బాత్రూంకి నడిపించాలి, మళ్ళీ కూర్చోబెట్టాలి, కాళ్ళు చాపించి వ్యాయామం చేయించాలి. ఆడపడుచు ఫోన్ చేసి, వదినా, అమ్మని నీ చేతుల్లో పెట్టి నిశ్చింతగా ఉన్నాను, అనేది. ఆ చేతులు ఎలా ఉన్నాయని మాత్రం అడిగేది కాదు.

ఆమె రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేస్తుంది. పన్నెండేళ్ళుగా వచ్చినవాళ్ళ చేతులు పట్టుకుని, నరం వెతికి, చీమ కుట్టినంత కూడా తెలియకుండా రక్తం తీసేది. చంటిపిల్లలు వస్తే ఆమెనే పిలిచేవారు. వేళ్ళు బిగుసుకోవడం మొదలయ్యాక ఒక రోజు ఒక పెద్దాయనకి రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. అదేమీ పెద్ద తప్పు కాదు, అందరికీ జరిగేదే. కానీ మర్నాడు ల్యాబ్ ఇన్‌చార్జి ఆమెని పేర్లు రాసుకునే కౌంటర్‌కి మార్చాడు. కూర్చుని చేసే పని, మీకే సుఖం, అన్నాడు. కూర్చోవడమే అన్నిటికన్నా కష్టమని ఆమె చెప్పలేదు. చెప్తే ఆ కుర్చీ కూడా ఉండదేమోనని అనుమానం. వెనక గదిలో తోటి అమ్మాయిలు, రోజంతా రోగాల మధ్య ఉండి అక్కకి కూడా ఒకటి కావాలనిపించినట్టుంది, అని నవ్వుకోవడం వినపడింది. ఆమె కూడా నవ్వింది, విననట్టు ఉంటే ఇంకేమనుకుంటారోనని.

తన రక్తం తనే ఎన్నిసార్లు పరీక్షించుకుందో. థైరాయిడ్, విటమిన్లు, వాపు, కీళ్ళవాతం, అన్ని పరీక్షలూ చేసింది. అన్నీ నార్మలే. మెషీన్ మీద అనుమానం వచ్చి, అదే రక్తాన్ని ఇంకో పేరుతో ఇంకో మెషీన్‌లో పెట్టింది. మళ్ళీ నార్మల్. రిపోర్టు చేతిలో పట్టుకుని, ఎక్కడైనా ఒక్క అంకె, ఒకే ఒక్క అంకె గీత దాటి ఉంటే బాగుండునని వెతికేది. రోగం ఉండాలని కోరుకునే మనిషి ఉంటుందా అనుకుని, తన మీద తనకే అసహ్యం వేసేది.

ఇంటి డాక్టరు భర్తకి చిన్ననాటి స్నేహితుడు. నాడి పట్టుకోకముందే, ఎక్కువగా ఆలోచించకండి, మనసు కాస్త వేరే వాటి మీద పెట్టండి, అన్నాడు. భర్త కనుక్కుని తీసుకెళ్ళిన ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, మనసు కాస్త వేరే వాటి మీద పెట్టండి, అన్నాడు. ఆ తర్వాత నరాల డాక్టరు ఆమె కుర్చీలో సర్దుకోకముందే, ఇంట్లో పెద్దావిడతో సరిపడుతోందా, అని అడిగి, మోకాలి మీద సుత్తితో కొట్టి చూసి, మనసు వేరే వాటి మీద, అని మొదలుపెట్టాడు. ఇంటికొచ్చి కూరగాయలు తరుగుతుంటే ఆమెకి తట్టింది. ఇంట్లో పెద్దావిడ ఉందని ఆయనకెలా తెలుసు? తను చెప్పలేదు. వాళ్ళు ఇచ్చిన కాగితంలో ఆ ప్రశ్న లేదు. ముగ్గురు డాక్టర్లు, మూడు వేర్వేరు చదువులు, ఒకే వాక్యం. కత్తి పక్కన పెట్టేసి చాలాసేపు ఆలోచించింది. తర్వాత, ఇలా అందరినీ అనుమానించడం కూడా జబ్బులో భాగమేనేమో అనిపించి మళ్ళీ కత్తి అందుకుంది.

ఇప్పుడు "పడుకున్నావట" విన్నాక మాత్రం ఊరుకోలేకపోయింది. అత్తగారి మీద వల పన్నింది. ఆదివారం భర్త బయటికి వెళ్ళగానే ఆవిడ గదిలోకి వెళ్ళి, అత్తయ్యా, నా వల్ల కావడం లేదు, మేడ మీద గదిలో సాయంత్రం దాకా పడుకుంటాను, అని చెప్పింది. మేడ మీదకి వెళ్ళలేదు. వెనక వరండాలో గిన్నెలు తోముతూ గడిపింది. ఆ రోజూ మర్నాడూ కూడా భర్త ఆ ఊసే ఎత్తలేదు. ఆమెకి నిజంగా ఆశాభంగమైంది. ఉండబట్టలేక మంగళవారం, ఆవిడ కాళ్ళకి వ్యాయామం చేయిస్తూ, నేను పడుకున్న సంగతులు ఆయనకి మీరే చెప్తున్నారా అత్తయ్యా, అని అడిగేసింది.

అత్తగారు కోడలి వంక వింతగా చూసింది. "నేనెందుకు చెప్తానే అమ్మాయ్? నువ్వు పడుకుంటే నాకూ హాయే. ఆ కాసేపూ నన్ను కాలు ఎత్తు, దించు అని సతాయించేవాళ్ళుండరు," అంది. తర్వాత కాలు సర్దుకుని, "అయినా ఆ మోకాలి మాత్రలు వేసుకున్నాక మధ్యాహ్నం నాకు ఒంటి మీద స్పృహ ఉంటుందా? ఇల్లు దోచుకుపోయినా తెలీదు," అంది.

అది నిజమే. ఇంతకాలం ఆ మాత్రలు చేతిలో పెడుతున్నది తనే. ఆ సంగతి తట్టనందుకు సిగ్గుపడింది. ఆ తర్వాత ఎదురింటి ఆవిడని అనుమానించింది. కిటికీ తెర ఎప్పుడూ మూసే ఉంచింది. గోడ మీద ఏదైనా అమర్చాడేమోనని, ఎవరూ లేనప్పుడు కుర్చీ ఎక్కి గడియారం వెనక చూసింది. కుర్చీ దిగేటప్పుడు తొడలు వణికాయి. ఇది పిచ్చి కాక మరేమిటి అనుకుంది. దానికన్నా దారుణమైనది ఇంకొకటి జరుగుతోంది. ఎవరో చూస్తున్నారని నమ్మకం కుదిరాక, ఆమె చూసేవాళ్ళ కోసం బతకడం మొదలుపెట్టింది. నిజంగా నొప్పిగా ఉన్నప్పుడు, అది నొప్పిలా కనపడుతోందో లేదోనని భుజం ఇంకాస్త వంచేది, అమ్మా అని కాస్త పైకి అనేది. అలా అన్న వెంటనే, ఇది నొప్పి అనిపించిన మూలుగా, నేను కావాలని అన్న మూలుగా అని తెలియక గందరగోళపడేది. బాగున్న గంటలో గబగబా నడవడానికి భయపడి మెల్లగా నడిచేది. అతను ఆమెని నమ్మకపోవడం ఒక ఎత్తు. ఆమెని ఆమె నమ్మలేకపోవడం ఇంకో ఎత్తు.

కౌంటర్ ఉద్యోగం వల్ల ఒక్క మేలు జరిగింది. ఏ డాక్టరు ఏ పరీక్షలు రాస్తున్నారో అక్కడ కనిపిస్తుంది. కీళ్ళూ కండరాల డాక్టరమ్మ ఒకావిడ పంపే చీటీల్లో తనలాంటి ఆడవాళ్ళు ఎక్కువ. మెడ పట్టుకుని కూర్చునేవాళ్ళు, పేరు చెప్పబోయి ఒక్క క్షణం తడుముకునేవాళ్ళు. రిపోర్టు నార్మల్ అని తెలిశాక వాళ్ళు ఏడవకుండా వెళ్ళడం ఆమె గమనించింది. వాళ్ళలో ఒకావిడ, ఆ డాక్టరమ్మ మాట కటువమ్మా, కానీ చెప్పేది చివరిదాకా వింటుంది, అంది. ఆమె ఎవరికీ చెప్పకుండా అపాయింట్‌మెంట్ తీసుకుంది. కానీ వచ్చిన మెసేజ్ ఫోన్ తెర మీద భర్త చూశాడు. నేను రాకపోతే ఎలా, నువ్వు డాక్టరు చెప్పినవి సగం మర్చిపోతావు, అన్నాడు. ఆమె మతిమరుపుకి ఆ ఇంట్లో ఎవరూ మందు వెతకలేదు గానీ, అవసరమైనప్పుడల్లా వాడుకున్నారు.

డాక్టరమ్మది చిన్న గది. నెరిసిన పొట్టి జుట్టు, మెడలో కళ్ళజోడు తాడు. కూర్చోండి అని కూడా అనలేదు, కుర్చీ వైపు పెన్నుతో చూపించింది. ఎప్పటి నుంచి, అని అడిగింది. ఆమె నోరు తెరిచేలోగా భర్త అందుకున్నాడు. డాక్టర్ గారూ, మీ సమయం వృథా కాకూడదని నేనొకటి తెచ్చాను, ఇంట్లో ఈవిడ ఎలా ఉంటుందో మీరే చూడండి, అంటూ ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

ఫోన్‌లో ఆమె ఉంది. తడిబట్టల బకెట్ ఎత్తుకుని వంటింట్లోంచి మెట్ల వైపు నడుస్తోంది. తర్వాత అత్తగారిని చంకల కింద పట్టుకుని మంచం మీంచి లేపుతోంది. ఆ తర్వాత సాయంత్రపు వెలుతురులో వీధిలో షటిల్ బ్యాట్ పట్టుకుని, ఎగిరి కొట్టి, పగలబడి నవ్వుతోంది. తనని తాను అలా బయటి నుంచి చూసుకోవడం ఆమెకి అదే మొదలు. ఎవరో ఆరోగ్యంగా ఉన్న మనిషిని చూసినట్టుంది. భర్త గొంతు మెత్తగా వివరిస్తోంది, ఇది ఫలానా రోజు, ఆ పొద్దునే నొప్పి అని ల్యాబ్‌కి సెలవు పెట్టింది, అని. ఆమెకి ఆ మాటలు సరిగా వినపడటం లేదు. బకెట్ వీడియోలో చిత్రం కింది అంచున ఒక లెక్కల పుస్తకం అంచు, నీలం రంగు నీళ్ళ సీసా మూత కనపడుతున్నాయి. వీడియో తీసింది భోజనాల బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు. ఇక షటిల్ ఆట. ఆ రోజు, అమ్మా రా, నువ్వు నాతో ఎన్నాళ్ళయిందో ఆడి, అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది చిట్టి. పిల్ల మొహం చూసి కాదనలేక వెళ్ళింది. ఎదురుగా గోడ మీద ఫోన్ ఆనించి, పాట పెడుతున్నానమ్మా, అంది. మర్నాడు ఆమె మంచం దిగలేకపోయింది. ఆ ఆట మాత్రం అంత హాయిగా అనిపించింది కాబట్టి, పడ్డ బాధకి చింతించలేదు.

ఎవరు తీశారు ఇవి, అని అడిగింది డాక్టరమ్మ.

"మా అమ్మాయే. నేనే తియ్యమన్నాను. పిల్లలైతే అనుమానం రాదు కదా," అన్నాడు అతను.

డాక్టరమ్మ ఫోన్‌ని రెండు వేళ్ళతో అతని వైపు జరిపింది. "ఇందులో నాకు పనికొచ్చేదేమీ లేదండీ. నొప్పి వీడియోలో పడదు. బకెట్ పడింది. ఫోన్ పట్టుకున్న చెయ్యి ఆ బకెట్ పట్టుకుని ఉంటే ఈవిడకి ఉపయోగపడేది. మీరు బయట కూర్చోండి."

అతని చెవులు ఎర్రబడటం ఆమె చూసింది. ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూసిన దృశ్యం అది. కానీ సంతోషం కలగలేదు. ఆ పట్టుకున్న చెయ్యి ఎవరిదో తెలిశాక ఆ మాట వచ్చి ఆమెకే తగిలింది.

తలుపు మూసుకున్నాక డాక్టరమ్మ లేచి వచ్చి వెనక నిలబడింది. మెడ వెనక, భుజాల మీద, మోచేతుల పక్కన, తుంటి దగ్గర, మోకాళ్ళ లోపలి వైపు బొటనవేలితో నొక్కుతూ పోయింది. మధ్యలో నుదుటి మీద, గోటి మీద కూడా నొక్కింది. ఇదేదో పరీక్ష పెడుతోందని ఆమెకి అనుమానం. అన్నిచోట్లా నొప్పి అంటే నటన అనుకుంటుందేమో. తక్కువ చెప్తే ఏమీ లేదంటుందేమో. ఏ చోట ఔననాలో, ఏ చోట కాదనాలో లెక్కలు వేస్తూ పళ్ళు బిగించింది. కుడి భుజం దగ్గర వేలు దిగగానే లెక్కలన్నీ తప్పిపోయి కళ్ళ వెంట నీళ్ళు జారాయి. డాక్టరమ్మ చెయ్యి తీసేసింది. తర్వాత నిద్ర గురించి అడిగింది, పొద్దున లేచేటప్పుడు ఎలా ఉంటుందని అడిగింది, మాటలు గుర్తు రాకపోవడం గురించి, వెలుతురూ శబ్దమూ భరించలేకపోవడం గురించి అడిగింది. అడిగి ఆగింది. ఆమె చెప్పేదాకా కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

దీన్ని ఫైబ్రోమయాల్జియా అంటారు, అంది చివరికి. కండరాలు పాడవలేదు, కీళ్ళు అరగలేదు, అందుకే ఎక్స్‌రేలో లేదు, రక్తంలో లేదు. నొప్పిని మోసుకెళ్ళే నరాలు, దాన్ని అందుకునే మెదడు, రేడియోలో గొంతు బాగా పెంచేసినట్టు చిన్నదాన్ని కూడా పెద్దగా వినిపిస్తున్నాయి. వినిపించేది అబద్ధం కాదు. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను, తగ్గించుకోవచ్చు. మందు రాస్తాను, నిద్ర బాగుపడాలి, రోజూ కాస్త నడవాలి, బాగున్న రోజున నెల పని ఒక్కసారి చెయ్యడం మానాలి, బరువులు ఎత్తకూడదు. డాక్టరమ్మ ఇదంతా బస్సు వేళలు చెప్పినంత పొడిగా చెప్పింది.

దీనితో ప్రాణానికేమైనా ప్రమాదమా, అని ఆమె అడిగింది. లేదు, అంది డాక్టరమ్మ. ఇంకేమైనా ఉందా, అన్నట్టు చూసింది. ఆమె చీటీ మడిచి సంచీలో పెట్టుకుని, లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"మా ఆయన మీకు ముందుగా ఫోన్ చేశారా?"

"చేశారు."

"ఏమన్నారు?"

"మా ఆవిడ ఒంట్లో ఏమీ లేదు, మనసే బాగాలేదు, మీ నోటితో గట్టిగా చెప్తే వింటుంది అన్నారు. పేషెంట్‌ని ఫోన్‌లో చూడను అని పెట్టేశాను."

ఆమెకి గడియారం వెనక వెతికినప్పుడు వణికిన తొడలు గుర్తొచ్చాయి. ఆ మూడు గదులూ, ఆ మూడు నోళ్ళూ, ఆ ఒకే వాక్యం గుర్తొచ్చాయి. కోపం రావాల్సిన చోట ముందుగా పెద్ద నిట్టూర్పు వచ్చింది. తనకి పిచ్చి లేదు. అనుకున్నవన్నీ జరిగినవే. ఆ సంగతి తెలియడం జబ్బు పేరు తెలియడం కంటే ఎక్కువ ఊరటనిచ్చింది.

కారులో అతను జబ్బు పేరు మళ్ళీ మళ్ళీ అడిగి, సిగ్నల్ దగ్గర ఫోన్‌లో వెతికాడు. కారణం ఇదమిత్థమని తెలియదు అని రాసుంది చూడు, అన్నాడు. అంటే వాళ్ళకీ తెలియదన్నమాట, ఏదీ దొరకనప్పుడు తగిలించే పేరులా ఉంది, అన్నాడు. రేపటి నుంచి అత్తయ్యని పొద్దున మీరే లేపి నడిపించాలి, నేను బరువులు ఎత్తకూడదట, అంది ఆమె. తన నోట్లోంచి కూడా ఆ "ట" రావడం ఆమె చెవికి తగిలింది.

"చీటీలో రాసిందా?" అన్నాడు అతను.

రాయలేదు. ఆమె ఆ మాట చెప్పలేదు. డాక్టర్లకి ముందే ఫోన్ చేసింది మీరేనా అని కూడా అడగలేదు. అడిగితే నీ మంచి కోసమే అంటాడు. అది అతను నిజంగానే నమ్ముతాడు కూడా. అద్దంలోంచి బయటికి చూస్తూ, రేపు పొద్దున నేను లేపను, అని మాత్రం మళ్ళీ చెప్పింది. ఈసారి "ట" లేదు. అతను హారన్ కొట్టి ముందున్న బండిని తిట్టాడు.

ఇంటికి చేరేసరికి చిట్టి భోజనాల బల్ల దగ్గరే ఉంది. తల్లి మొహం చూడగానే పిల్లకి అర్థమైపోయింది. పెన్సిల్ కింద పెట్టి చేతులు ఒళ్ళో దాచుకుంది. భర్త తల్లి గదిలోకి వెళ్ళాడు, ఆవిడకి జరిగింది చెప్తున్నట్టు మాటలు వినిపిస్తున్నాయి. ఆమె చిట్టిని తీసుకుని మేడ మీదకి వెళ్ళింది. మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది, ఈసారి ఎవరి కోసమూ తొందరపడలేదు, ఎవరి కోసమూ ఆలస్యం చెయ్యలేదు. బట్టల తీగల పక్కన పిట్టగోడ మీద కూర్చున్నారు. దారంతా అడగాలనుకున్నవి ఆమె నోటికి రాలేదు. నాన్న వీడియోలు చూపించారు, అని మాత్రం అంది.

చిట్టి గోళ్ళు చూసుకుంటూ చెప్పుకొచ్చింది. డాక్టర్లకి చూపిస్తే అమ్మకి త్వరగా తగ్గుతుందని మొదట్లో నాన్న చెప్పాడు. తర్వాత తర్వాత, అమ్మ నిజంగా పడుకుంటోందా, ఎప్పుడు లేస్తోంది, ఎవరూ లేనప్పుడు ఎలా నడుస్తోంది, రోజూ సాయంత్రం అడిగేవాడు. అమ్మకి నిజంగా నొప్పి లేదేమో చిట్టీ, మనిద్దరం కలిసి కనిపెడదాం, అన్నాడు.

నువ్వేమనుకున్నావు, అని అడిగింది ఆమె. ఆ జవాబు వినగలనో లేదోనని భయపడుతూనే అడిగింది.

"నాన్న చెప్పిందే నిజమైతే బాగుండుననుకున్నాను," అంది చిట్టి. "నువ్వు ఉత్తినే చేస్తుంటే బాగుండుననుకున్నాను."

చిట్టి ఫోన్ తీసి, వెతికి, తల్లి చేతిలో పెట్టింది. ఇది నాన్నకి పంపలేదు, అంది. తలుపు సందులోంచి తీసిన వీడియో. వంటింట్లో నేల మీద ఆమె కూర్చుని ఉంది. మోకాళ్ళ మీద నుదురు ఆనించి, గిన్నెలు తుడిచే గుడ్డ నోట్లో కుక్కుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతోంది. శబ్దం లేదు. కుళాయి కారుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. చాలాసేపటికి గోడ పట్టుకుని లేచి, మొహం కడుక్కుని, స్టవ్వు వెలిగించింది. ఆ రోజు ఏదో ఆమెకి గుర్తు కూడా లేదు. అలాంటి రోజులు అన్ని ఉన్నాయి.

"ఇది చూస్తే నాన్న కూడా నిజమే అనుకుంటాడు కదా. నాన్న కూడా నిజమనుకుంటే ఇక నువ్వు..." చిట్టి ఆ పైన అనలేకపోయింది.

"చచ్చిపోతాననుకున్నావా?"

పిల్ల తల ఊపింది. ఆమె చిట్టి తలని ఎడమ భుజం మీదకి లాక్కుంది. ఆ భుజం ఆ బరువుకి సలిపింది, అయినా జరపలేదు. దీనితో చావరు, డాక్టరమ్మని ముందు అదే అడిగాను, అని చెప్పింది. నీ కోసమే అడిగాను, అని చెప్పలేదు. నొప్పి ఉంటుంది, కొన్ని రోజులు ఎక్కువగా, కొన్ని రోజులు తక్కువగా, తక్కువ ఉన్న రోజు మనం షటిల్ ఆడదాం, కొద్దిసేపే ఆడదాం, అంది. చిట్టి ముక్కు తుడుచుకుంది. కింద నుంచి భర్త పిలుస్తున్నాడు, కాఫీ పెట్టడం ఎవరి వంతో కనుక్కుంటున్నట్టుగా.

"అమ్మా, ఇది ఇప్పుడు నాన్నకి పంపనా?" అంది చిట్టి. "ఇది చూస్తే నమ్మేస్తాడు."

నమ్మేస్తాడు. ఆమెకి కూడా అది తెలుసు. అతను వెతికే సొట్ట ఇదే, ఇంతకంటే స్పష్టంగా ఎవరూ ఫొటో తియ్యలేరు. రెండేళ్ళుగా ఆమె రిపోర్టుల్లో వెతికింది, మెషీన్‌లలో వెతికింది, అత్తగారి ఎక్స్‌రే వైపు అసూయగా చూసింది ఇలాంటిదొక్కటి దొరకాలనే. ఇప్పుడు అది చేతిలో వెచ్చగా ఉంది, ఒక్క వేలు ఆనిస్తే చాలు. పంపితే అతను మెట్లెక్కి వస్తాడు, కళ్ళ నీళ్ళు పెట్టుకుంటాడు కూడా. రేపటి నుంచి తనే తల్లిని లేపుతాడు. ఆ తర్వాత ఎప్పుడో ఒక రోజు ఆమె నవ్వుతుంది, ఎగిరి షటిల్ కొడుతుంది. అప్పుడు మళ్ళీ ఇంకొకటి పంపాలి. గుడ్డ నోట్లో కుక్కుకుని, తలుపు సందు వైపు తిరిగి, మళ్ళీ మళ్ళీ అలా కూర్చోవాలి.

ఆమె ఆ వీడియో చెరిపేసి, ఫోన్ చిట్టి ఒళ్ళో పెట్టింది.

"మరి నాన్న నమ్మడు కదమ్మా."

"ఈ ఇంట్లో ఉన్న పనులన్నీ ఎలాగూ నా మీదే పడ్డాయి చిట్టీ," అంది ఆమె. "నమ్మే పని ఒక్కటైనా మీ నాన్నని చేసుకోనీ."